ట్రైలరు పిన్ను

గౌనిపల్లి ఉన్న శ్రీనివాసపురం తాలూకా మామిడితోటలకు పేరు పొందింది. కోతల కాలంలో కాయలు నింపిన ట్రైలర్లను ట్రాక్టర్లు లాగుతూ పోతుంటాయి. ఆ రెంటినీ కలిపేది ఒక ఇనుప పిన్ను. అది అరిగి విరిగినా, పైకి లేచి ఊడినా ట్రైలరు విడిపోతుంది. దానికి స్టీరింగు లేదు. పల్లంలో ఎటు పోతుందో చెప్పలేము. అందుకే పిన్ను జారకుండా చీల పెట్టి, విడిగా గొలుసు కూడా తగిలించాలి. కొందరు చీలకు బదులు తీగముక్క చుట్టి సరిపెడతారు. చీల ఖరీదు ఎంతని!

ప్రమాదం జరిగితే తప్పు డ్రైవరుదేనా? 1988 నాటి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను ప్రకారం, ప్రమాదకరమైన లోపమున్న బండిని నడిపినవారే కాక, నడపనిచ్చినవారు కూడా శిక్షార్హులు. "నాకు తెలియదు" అంటే చెల్లదు. మామూలు శ్రద్ధతో చూస్తే కనిపించే లోపమైతే తెలిసినట్లే లెక్క. అరిగిన పిన్నును గుర్తించడానికి మెకానిక్కు అక్కరలేదు కదా! 2019 సవరణ ప్రకారం జరిమానా 1500 రూపాయలు. ఆ లోపంవల్ల ఎవరైనా గాయపడితే మూడు నెలల వరకు జైలు, లేదా 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ.