పుస్తకంలో ఉన్నదే మళ్లీ రాయాలా?

ప్రశ్న: మా సైన్స్ మాస్టారు ఏదైనా ఒక విషయం మీద సొంతంగా వ్యాసం రాయమంటున్నారు. అన్నీ పుస్తకాల్లో ఉన్నాయి కదా, మేం రాయడం దేనికి? ఎలా మొదలుపెట్టాలి?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, కాకినాడ

జవాబు: అర్థమైందనుకున్నది అర్థం కాలేదని రాయబోతేనే తెలుస్తుందమ్మా. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? ‘బాష్పీభవనం వల్ల’ అని పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. అదే మీ అమ్మమ్మకు చెప్పి చూడు. మరి స్టీలు బిందెలో ఎందుకు చల్లబడవు, వానాకాలంలో కుండ ఎందుకు మొరాయిస్తుంది అని అడుగుతుంది. అప్పుడు మట్టి రంధ్రాల్లోంచి నీరు ఊరడం, ఒక్క గ్రాము ఆవిరయ్యేందుకు సుమారు 580 క్యాలరీల వేడి లాక్కోవడం, గాలిలో తేమ నిండితే ఆ పని నెమ్మదించడం అన్నీ చెప్పాల్సి వస్తుంది. ఆవిడ అడిగిన వరసే నీ వ్యాసానికి వరస.

రాసేముందు కొలిచి చూడు. కుండలో, బిందెలో ఒకేసారి నీళ్లు పోసి, గంటకోసారి థర్మామీటరు పెట్టి (జ్వరం చూసేది పనికిరాదు, ల్యాబులోది అడుగు) అంకెలు నోట్‌బుక్‌లో ఎక్కించు. అనుకున్నట్టు రాని అంకెను దిద్దకు. బహుశా కుండకు రంగు వేసి ఉంటారు, రంధ్రాలు పూడిపోయి ఉంటాయి. అసలు కథ అక్కడే దొరుకుతుంది.

రాసుకోవడం ఎక్కడికి తీసుకెళ్తుందో చూడు. తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడే మొదట లండన్‌లో పుస్తకాలు బైండు చేసే కుర్రాడు. 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును బొమ్మలతో సహా బైండు చేసి ఆయనకే పంపాడు. మరుసటి ఏడాది డేవీ పనిచేసే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉద్యోగం దొరికింది. నీకూ దొరుకుతుందని కాదులే!

మొదటి వ్యాసం ఒక పేజీ దాటనివ్వకు. ‘అనాదిగా మానవుడు’ అని మొదలుపెడితే మాత్రం నేను చదవను.