కిడ్నీ ఇచ్చిన మనిషీ రోగే

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా తమ్ముడికి కిడ్నీ ఇచ్చాను. వాడు బాగున్నాడు. నాకే ఎడమ డొక్క నుంచి గజ్జ దాకా మొద్దుబారింది. చెయ్యి పెడితే తెలియదు, లంగా బొందు ఒరుసుకుంటే మాత్రం నిప్పు పెట్టినట్టు మంట. వాడి చెకప్‌కు తోడు వెళ్లినప్పుడు చెబితే ‘అదే తగ్గుతుందమ్మా’ అంటారు, ఎక్కడా రాయరు. ఇలా కావచ్చని ఆపరేషన్‌కు ముందు ఎవరూ చెప్పలేదు. గట్టిగా అడిగితే ‘ఇచ్చినదానికి లెక్కలడుగుతోంది’ అంటారేమోనని భయం. నాకు హక్కేమైనా ఉందా?
– ఒక సోదరి, కరీంనగర్ జిల్లా

జవాబు: ఉందమ్మా. మీరు తమ్ముడికి తోడుగా వెళ్లిన మనిషి మాత్రమే కాదు. ఆ ఆసుపత్రిలో కోత పడిన రోగి మీరు. మీ బాధ గురించి అడిగితే ఇచ్చినదాన్ని వెనక్కి అడిగినట్టు కాదు.

ముందు ఒంటి సంగతి. కిడ్నీని డొక్కలో కోసి తీసినా, కెమెరా పద్ధతిలో చేసి పొత్తికడుపు కింది కోతలోంచి తీసినా, ఆ దారిలో చర్మానికి స్పర్శనిచ్చే సన్నని నరాలుంటాయి. అవి తెగినా, సాగినా, మచ్చలో చిక్కుకున్నా తిమ్మిరి, మంట వస్తాయి. నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే. అందుకే ‘తగ్గుతుంది’ అన్న మాటలో కొంత నిజముంది. కానీ మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యులే దీర్ఘకాలిక నొప్పి అంటారు. దాన్ని పరీక్షించి వైద్యం చేయాలి. ఈలోగా మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్లలు కొని వేసుకోకండి. మీకున్నది ఒక్క కిడ్నీ, ఆ బిళ్లలు దాన్ని దెబ్బతీయగలవు. నరాల నొప్పి మందుల మోతాదు కూడా కిడ్నీ పనితీరు చూసే నిర్ణయించాలి.

ఇక చట్టం. నరం దెబ్బతిన్నంత మాత్రాన డాక్టరు తప్పు చేసినట్టు కాదు. ఎంత జాగ్రత్తగా కోసినా ఇది జరగొచ్చు. కోర్టు చూసేది, సాటి వైద్యుడు చూపవలసిన జాగ్రత్త చూపారా లేదా అని. దాన్ని నిరూపించడానికి మామూలుగా నిపుణుడి అభిప్రాయం కావాలి. ప్రతి కేసులోనూ అది తప్పనిసరి కాదని, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది.

ముందుగా చెప్పకపోవడం మాత్రం వేరే తప్పు. అవయవ మార్పిడిపై 1994 నాటి కేంద్ర చట్టంలో 12వ సెక్షన్ ఉంది. అవయవం తీయడం వల్ల కలిగే అన్ని ప్రభావాలు, చిక్కులు, ప్రమాదాలు దాతకు వివరించాకే ఆపరేషన్ చేయాలంటుంది. అరుదైన ప్రమాదాలన్నీ చెప్పనక్కర్లేదు, ముఖ్యమైనవి చెప్పాలి అని 2008లో సుప్రీంకోర్టు మామూలు రోగుల విషయంలో అంది. మీరు మామూలు రోగి కారు. ఆ ఆపరేషన్‌తో మీ ఒంటికి ఒరిగిన మేలు లేదు. పైగా కోత దగ్గర తిమ్మిరి అరుదైన సంగతి కాదు. మీ వాదన ఇక్కడే బలంగా నిలబడుతుంది.

ఒక చిక్కుంది. ‘ప్రమాదాలు నాకు పూర్తిగా వివరించారు’ అన్న వాక్యం దాత సంతకం చేసే ఫారంలోనే ఉంటుంది. ఆసుపత్రి దాన్నే చూపిస్తుంది. ఆ ఫారం తెలుగులో ఉందా, చదివి వినిపించారా, ఎవరు వివరించారు, ఎంతసేపు మాట్లాడారు అన్నవి గుర్తున్నంతవరకు తేదీలతో ఇప్పుడే రాసి పెట్టుకోండి. సంతకం సాక్ష్యమే, అయినా తుది తీర్పు కాదు.

‘బిల్లు కట్టింది తమ్ముడు కదా, కేసు నేనెలా వేస్తాను?’ అనుకోవద్దు. డబ్బు ఎవరు కట్టినా, సేవ పొందిన వ్యక్తి కూడా 2019 వినియోగదారుల చట్టం ప్రకారం వినియోగదారే. అయితే గడువు రెండేళ్లు. అంటే మీకింకా ఏడాదీ నాలుగు నెలలుంది. గోవాకు చెందిన ఒక నర్సు పిత్తాశయం ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి నొప్పి బిళ్లలతో నెట్టుకొచ్చారు. చివరికి కడుపులో గాజుగుడ్డ బయటపడింది. అంతకాలం ఆపరేషన్ చేసిన డాక్టరును సంప్రదించలేదని, ఆలస్యమైందని 2010లో సుప్రీంకోర్టు ఆమె కేసు కొట్టేసింది. ఓర్చుకోవడం మన ఆడవాళ్లకు అలవాటు. కోర్టులో మాత్రం అది ‘నొప్పే లేదు’ అన్నట్టు కనిపిస్తుంది.

కాబట్టి ఇలా చేయండి. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా చార్ట్, సంతకం చేసిన ఫారాల నకళ్లు కావాలని ఆసుపత్రిని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు రసీదు తీసుకోండి. వైద్య వృత్తి నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. ఆసుపత్రి రికార్డులు దాచి ఉంచాల్సింది మూడేళ్లే, అందుకే జాగు చేయొద్దు. నరాల డాక్టరుకు చూపించి ఎక్కడ స్పర్శ లేదో, ఎక్కడ మంటో రాయించుకోండి. తమ్ముడి బీమా పాలసీ కూడా తీసి చూడండి. చాలా పాలసీలు కిడ్నీ తీసే ఖర్చు ఇస్తాయి గానీ తర్వాత దాతకొచ్చే ఇబ్బందులకు ఇవ్వవు. అదే నిజమైతే, వైద్యం ఖర్చు భరించమని ముందు ఆసుపత్రికి నోటీసు ఇవ్వండి.

స్పందన లేకపోతే కరీంనగర్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, హైదరాబాద్ తిరగనక్కర్లేదు. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 10 లక్షల దాకా అయితే 200 రూపాయలు. మహిళగా ఆదాయంతో పని లేకుండా మీకు ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేయండి. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్ అయినవాళ్లకు ఈ కమిషన్ దారి ఉండదు, వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లాలి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఈసారి తమ్ముడి చెకప్‌కు వెళ్లినప్పుడు అతని చీటీ పక్కన నిలబడి చెప్పకండి. మీ పేరు మీద వేరే ఓపీ చీటీ తీసుకుని, మీ వంతు వచ్చేదాకా కూర్చుని, మీ బాధ దాని మీద రాయించుకునే లేవండి.