కరెంటు పోయినపుడు పంచాయతీ కంప్యూటరు

బిట్రగుంట పేరు చెప్పగానే పెద్దలకు ఆవిరి ఇంజన్ల షెడ్డు జ్ఞప్తికి వచ్చును. బొగ్గు, నీరు ముందుగా సిద్ధపరచనిదే ఆ ఇంజను కదలెడిది కాదు. కార్యాలయపు కంప్యూటరు విషయమున ఆ ముందుచూపు చాలచోట్ల కానరాదు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ఏర్పడిన పిదప ధ్రువపత్రములు, అర్జీలు చాలవరకు కంప్యూటరు మీదనే సాగుచున్నవి. కరెంటు పోయినచో కూలి మానుకొని వచ్చినవాడు వట్టి చేతులతో తిరిగి పోవలసినదే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. అట్టి దినములలో కార్యాలయము చీకటిలో నుండుట మరింత కీడు.

తీర్మానమునకు ముందు సభ్యులు అడుగవలసినది ధర కాదు, ఎంతసేపు నడువవలెనని. బల్ల క్రింద నుంచెడి చిన్న యు.పి.ఎస్. పది పదునైదు నిమిషములే ఆదుకొనును. చేయుచున్న పనిని భద్రపరచి కంప్యూటరును ఆపుటకు అది చాలును. పూట గడుపుటకు చాలదు.

పూట గడువవలెనన్న ఇన్వర్టరు కావలెను. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో లెక్కకు 1,800 వాట్-గంటల విద్యుత్తు ఉండును. దానిని అడుగంట వాడరాదు. ఇన్వర్టరు కూడ కొంత మ్రింగును. కావున వేయి మాత్రమే దక్కునని ఎంచుట మేలు. కంప్యూటరు, తెర, ఇంటర్నెట్టు పెట్టె కలిసి 150 వాట్లు తీసికొన్నచో ఆరు గంటలకు పైగా నడచును. దానికి 75 వాట్ల ఫ్యాను తగిలించినచో నాలుగు గంటలకు దిగును. గాలి లేనిదే పని సాగదను మిత్రులకు ఈ లెక్క చూపవలెను! బల్ల కంప్యూటరు బదులు ల్యాప్‌టాపు ఉన్నచో మొత్తము 70 వాట్లతో సరిపోయి, అదే బ్యాటరీ పదునాలుగు గంటలు వచ్చును. క్రొత్తది కొనునపుడు మేము దీనినే కోరుదుము.

లేజరు ప్రింటరు వేడెక్కునపుడు వందల వాట్లు లాగును. దానిని ఈ లైనుకు కలుపరాదు. ఇన్వర్టరు సైన్ వేవ్ రకమై, కంప్యూటరు ఆగిపోకుండ క్షణములో మారునదై యుండవలెను. దుకాణమున కంప్యూటరును తగిలించి, మెయిన్ ఆపి చూపుమని అడుగుటకు మొగమాట మేల?

మిద్దెపై సౌరఫలకము లున్నవి గదా యని కొందరందురు. బ్యాటరీ లేక లైనుతో కలిపిన సౌరవ్యవస్థ, కరెంటు పోగానే తానును ఆగిపోవును. స్తంభముపై పనిచేయు లైన్‌మన్ ప్రాణరక్షణకై అట్లు అమర్చిరి.

సముద్రపు ఉప్పుగాలి బ్యాటరీ కొనలను తినివేయును. తుడిచి, వాజిలీను పూయవలెను. డిస్టిల్డ్ వాటరు తప్ప బావినీరు పోయరాదు. బ్యాటరీ నుంచిన చోట గాలి ఆడవలెను. వరదనీరు అందనంత ఎత్తున నుంచవలెను.

దినముల తరబడి కరెంటు రానపుడు జనరేటరే దిక్కు. దానిని గదిలోను, వరండాలోను నడుపరాదు. పొగలోని విషవాయువు వాసన లేకయే ప్రాణము తీయును. మార్పిడి స్విచ్చి లేక ఇంటి లైనుకు కలిపినచో వీధి తీగలలోనికి కరెంటు పాకును. ఇంత చేసినను, ఇంటర్నెట్టు అవతలి కొస కూడ కరెంటుపైననే ఆధారపడియున్నది. కావున తుపాను హెచ్చరిక వినగానే వృద్ధుల, గర్భిణుల పేర్లు, ఫోను నంబర్లు కాగితముపై అచ్చువేయించి బీరువాలో భద్రపరచవలెను.