డప్పు దరువు, మెదడు తరంగం

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడితే చాలు, హాస్టల్ రూముల్లో అందరి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ కనిపిస్తాయి. వినేది సినిమా పాటలు కాదు. "ఫోకస్ కోసం 40 హెర్ట్జ్", "గాఢ నిద్రకు డెల్టా వేవ్స్" అని పేరు పెట్టిన ఎనిమిది గంటల యూట్యూబ్ ఆడియోలు. అదే మన పాలమూరు ఊర్లల్లో బోనాలకో, జాతరకో పోతే, డప్పు దరువు ఊపందుకోగానే ఒకామె జుట్టు విరబోసుకొని సిగమూగుతది. పీర్ల పండుగ నాడు పీరును ఎత్తుకున్న మనిషి అలావా గుండం చుట్టూ ఊగుతాడు.

ఈ రెండిటికీ ఇప్పుడు ఒకటే వివరణ వినిపిస్తోంది: "లయ మన మెదడు తరంగాలను తన వైపు లాక్కుంటది, దాంతో మనసు స్థితి మారిపోతది." వినడానికి సైన్స్ లాగే ఉంది. కానీ ఎంతవరకు నిజం? డబ్బులు కట్టి యాప్‌లు కొంటున్నాం, నిద్ర మానేసి వాటిని నమ్ముకుంటున్నాం కాబట్టి ఈ ప్రశ్న మనకు అవసరమే. ఒక్కో మెట్టు ఎక్కుతూ చూద్దాం.

మెదడు తరంగం అంటే ఏంది?

1924లో జర్మనీలోని యెనా పట్టణంలో హాన్స్ బెర్గర్ అనే డాక్టర్ మనిషి మెదడు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని మొదటిసారి రికార్డు చేశాడు. 1929లో ఆ ఫలితాన్ని అచ్చు వేశాడు. అదే ఈరోజు మనం ఈఈజీ అని పిలుస్తున్న పరీక్ష. ఆ సంకేతం చాలా చిన్నది, మైక్రోవోల్టుల్లో ఉంటుంది. ఒక మైక్రోవోల్టు అంటే ఒక వోల్టులో పది లక్షలో వంతు.

ఆ తరంగాలకు వేగాన్ని బట్టి పేర్లు పెట్టారు. సెకనుకు 4 కంటే తక్కువైతే డెల్టా, గాఢ నిద్రలో ఎక్కువ కనిపిస్తుంది. 4 నుంచి 8 వరకు థీటా, మగతగా ఉన్నప్పుడు. 8 నుంచి 13 వరకు ఆల్ఫా, కళ్లు మూసుకొని ప్రశాంతంగా కూర్చున్నప్పుడు. 13 నుంచి 30 వరకు బీటా, మెలకువతో పని చేస్తున్నప్పుడు. ఆ పైన గామా.

ఇక్కడే మొదటి జాగ్రత్త. గాఢ నిద్రలో డెల్టా పెరుగుతుంది, ఇది నిజం. "డెల్టా వేగంతో సౌండ్ వింటే గాఢ నిద్ర పడుతుంది" అనేది పూర్తిగా వేరే మాట. వాన పడితే గొడుగులు తెరుచుకుంటాయి. గొడుగులు తెరిస్తే వాన పడేదే ఉంటే పాలమూరుకు కరువే వచ్చేది కాదు.

డప్పు దెబ్బకు మెదడు ఏం చేస్తది?

చెక్క చట్రానికి మేకతోలు బిగిస్తే డప్పు. ఒక చేతిలో లావు సిర్ర, ఇంకో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. కొట్టే ముందు మంట దగ్గర కాపుతారు. వేడికి తోలులోని తేమ పోయి బిగుసుకుంటుంది, మోత పదునెక్కుతుంది. పెళ్లికి ఒక దరువు, సావుకు ఒక దరువు, జాతరకు ఇంకొకటి. దూరం నుంచి విని ఊర్ల ఏం జరుగుతుందో చెప్పేటోళ్లు మన తాతల కాలంలో ఉండె.

ఇట్లా టక్కున మొదలయ్యే సౌండ్ మెదడుకు బాగా తగులుతుంది. ఒక్కో దెబ్బకు మెదడులో ఒక చిన్న విద్యుత్ స్పందన పుడుతుంది. ఆండ్రూ నెహెర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1961లో దీని మీద ఒక ప్రయోగం అచ్చు వేశాడు. సెకనుకు 3, 4, 6, 8 దెబ్బల చొప్పున డ్రమ్ము వినిపిస్తూ ఈఈజీ తీశాడు. డ్రమ్ము వేగమే ఈఈజీలోనూ కనిపించింది. 1962లో ఇంకో అడుగు ముందుకేసి, పూజల్లో డ్రమ్ములు వినేవాళ్లకు పూనకం ఎందుకొస్తుందో దీంతో వివరించొచ్చు అన్నాడు. ఈరోజు మనం వినే "బ్రెయిన్‌వేవ్" మాటల్లో చాలావరకు ఈ ఆలోచన నుంచి పెరిగినవే.

ఇప్పుడు సీఎస్ఈ, ఈసీఈ వాళ్లు కొంచెం ముందుకు రండి. సెకనుకు 5 సార్లు టక్కున వచ్చే దెబ్బల సిగ్నల్‌కు ఎఫ్ఎఫ్‌టీ తీయండి. 5, 10, 15 హెర్ట్జ్ దగ్గర శిఖరాలు కనబడతాయి. అంటే సెకనుకు 5 దెబ్బలు వింటున్న మెదడులో 5 హెర్ట్జ్ కనబడటం వింతేమీ కాదు. అది "మెదడు తన లయ మార్చుకుంది" అనడానికి రుజువు కాదు.

తేడా ఇట్లా అర్థం చేసుకోవచ్చు. చెరువులో సెకనుకొక రాయి వేస్తే సెకనుకొక అల పుడుతుంది. రాళ్లు ఆపితే అలలూ ఆగిపోతాయి. చెరువుకు సొంత లయ అంటూ ఏమీ లేదు. ఊయల అట్ల కాదు. దానికి సొంత లయ ఉంది, ఆ లయకు సరిగ్గా తోస్తే ఎక్కువ ఊగుతుంది, తోయడం ఆపినా కాసేపు ఊగుతూనే ఉంటుంది. సౌండ్‌కు మెదడు చెరువులాగా స్పందిస్తోందా, ఊయలలాగానా? శాస్త్రవేత్తల మధ్య ఈ వాదన ఇంకా నడుస్తనే ఉంది. యాప్ వాళ్లు మాత్రం "ఊయలే" అని తేల్చేసి మనకు అమ్ముతున్నారు.

దరువు అందరికీ, పూనకం కొందరికే

నెహెర్ మాటకు గట్టి అభ్యంతరం చెప్పినవాడు ఫ్రాన్స్‌కు చెందిన గిల్బర్ రూజే. సంగీతానికీ పూనకానికీ ఉన్న సంబంధం మీద 1980లో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. ఆయన వాదన సారాంశం ఇది: డ్రమ్ము వేగం ఒక్కటే కారణమైతే, డ్రమ్ము విన్న ప్రతి మనిషికీ పూనకం రావాలి. అట్లా జరగదు కదా.

దీన్ని చూడటానికి ఆఫ్రికా దాకా పోవాల్సిన పని లేదు. మన జాతరలోనే చూడొచ్చు. ఒకే దరువు వందల మంది వింటారు. ఊగేది ఇద్దరో ముగ్గురో. గోడ మీద కూర్చొని ఐస్‌క్రీమ్ తినే పిల్లలకు ఏమీ కాదు. అందరికంటే దగ్గరగా, ఎక్కువసేపు ఆ మోత వినేది డప్పు కొట్టే మనిషే. మామూలుగా ఆయన ఊగడు. ఆయన చూపు ఊగే మనిషి మీద ఉంటుంది. ఎప్పుడు దరువు పెంచాలె, ఎప్పుడు తగ్గించాలె, ఎప్పుడు ఆపాలె అని చూసుకుంటుంటాడు. అంటే ఆయన పని ఒక ఫ్రీక్వెన్సీని ప్లే చేయడం కాదు. మనిషిని చూసి లయను మార్చడం. ఏ ఆడియో ఫైలూ మన మొఖం చూసి మారదు.

మరి పూనకం దేని వల్ల? దరువుతో పాటు ఉపాసం ఉంది, వేపాకు, సాంబ్రాణి పొగ ఉంది, గంటల కొద్దీ నడక, ఎగురుడు ఉంది. ఆ దేవత మీద నమ్మకం ఉంది. ఎప్పుడు, ఎవరికి, ఎట్లా వస్తదో చిన్నప్పటి నుంచి చూసిన అలవాటు ఉంది. చుట్టూ నిలబడి ఎదురుచూసే ఊరు ఉంది. దరువు వీటన్నిటినీ ఒక్క దగ్గరికి తెచ్చే గుర్తు లాంటిది. దీన్ని "ఉట్టి థీటా వేవ్" అని తేల్చేస్తే ఆ మనుషులనూ, వాళ్ల అనుభవాన్నీ చిన్నది చేసినట్టే అవుతుంది. "అంతా నటన" అంటే కూడా అంతే.

రెండు చెవుల మాయ

ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ సంగతి. యూట్యూబ్‌లో ఎక్కువగా ఉండేవి బైనారల్ బీట్స్. ఒక చెవిలో 400 హెర్ట్జ్, ఇంకో చెవిలో 410 హెర్ట్జ్ వినిపిస్తే, సెకనుకు 10 సార్లు ఊగుతున్నట్టు ఒక సౌండ్ వినిపిస్తుంది. ఆ ఊగుడు గాలిలో లేదు, మన తలలోనే పుట్టింది. 19వ శతాబ్దంలోనే హైన్రిఖ్ డోవ్ అనే ప్రష్యా శాస్త్రవేత్త దీన్ని గమనించాడు. 1973లో జెరాల్డ్ ఆస్టర్ ఒక సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంతో బాగా ప్రచారం వచ్చింది.

ఇది ఎట్లా పుడుతుందంటే, ఎవరన్నా వెనుక నుంచి పిలిస్తే ఏ దిక్కు నుంచో మనకు తెలుస్తుంది కదా. రెండు చెవులకు చేరిన సౌండ్ మధ్య ఉండే అతి చిన్న టైం తేడాను మెదడు కాండంలోని కణాలు పోల్చి చూస్తాయి. ఆ ఏర్పాటే ఇక్కడ 10 హెర్ట్జ్ తేడాను పట్టుకుంటుంది. 1000 హెర్ట్జ్ దాటిన సౌండ్లతో ఈ మాయ దాదాపు పనిచేయదు.

ఇది మీరే చేసి చూడొచ్చు. పైథాన్‌లో నంపై వాడి రెండు సైన్ వేవ్‌లు తయారు చేయండి, 400 ఎడమ చానల్‌లో, 410 కుడి చానల్‌లో పెట్టి స్టీరియో ఫైల్‌గా సేవ్ చేయండి. ఇయర్‌ఫోన్స్ తో తక్కువ వాల్యూమ్‌లో వినండి. తర్వాత ఒక ఇయర్‌బడ్ తీసేయండి. ఊగుడు మాయం అవుతుంది. తర్వాత అదే ఫైల్‌ను స్పీకర్‌లో పెట్టండి. ఊగుడు మళ్లీ వినిపిస్తుంది, కానీ ఇప్పుడు అది గాలిలో రెండు సౌండ్లు కలిసి పుట్టిన మామూలు బీట్.

మరి దీనితో మనసు మారుతుందా? 2020లో కెనడా పరిశోధకులు బైనారల్ బీట్స్‌ను మామూలు బీట్స్‌తో పోల్చి చూశారు. రెండింటికీ ఈఈజీలో స్పందన కనిపించింది, మామూలు బీట్స్‌కే బలంగా కనిపించింది. మూడ్ మాత్రం దేనికీ మారలేదు. ఆందోళన కొంత తగ్గిందని చెప్పిన ప్రయోగాలు కూడా ఉన్నాయి, కానీ ఫలితాలు ఒకదానితో ఒకటి కలవవు. ఇక "40 హెర్ట్జ్" పేరు పాపులర్ కావడానికి ఒక కారణం అమెరికాలోని ఎంఐటీ ప్రయోగాలు. 2019లో వాళ్లు అల్జీమర్స్ నమూనా ఎలుకలకు 40 హెర్ట్జ్ సౌండ్ వినిపించి మెదడులో మేలు కనిపించిందన్నారు. అది జబ్బు మీద, ఎలుకల మీద చేసిన పని. మన డీబీఎంఎస్ పరీక్షకూ దానికీ సంబంధం లేదు.

మరి లయకు బలమే లేదా?

ఉంది, చాలా ఉంది. కాకపోతే అది వేరే చోట ఉంది. లయ ముందుగా పట్టుకునేది కాళ్లూ చేతులను. పార్కిన్సన్స్ జబ్బుతో నడక తడబడే వాళ్లకు ఒక తాళం వినిపిస్తూ నడిపిస్తే వేగం, అడుగు పొడవు మెరుగవుతాయని మైకేల్ థాట్ బృందం 1996లో చూపించింది. ఇప్పుడు ఫిజియోథెరపీలో ఈ పద్ధతి వాడుతున్నారు. తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో మెదడు ముందే అంచనా వేసి కాలును సిద్ధం చేస్తుంది.

లయ పట్టుకునే రెండోది పక్క మనిషిని. కలిసి అడుగులు వేసినవాళ్లు ఆ తర్వాత ఆటలో ఒకరికొకరు ఎక్కువ సహకరించారని 2009లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. మన దగ్గర బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగే ఆడవాళ్లను చూడండి. ఒకరికొకరు పరిచయం లేకున్నా రెండు చుట్లు తిరిగేసరికి అడుగు కలుస్తుంది. నాట్లు వేసేటప్పుడు పాట ఎందుకు? నడుము నొప్పిని మరిచిపోవడానికి, చేతులన్నీ ఒకే వేగంతో కదలడానికి. దేశంలో ఎన్నో ప్రాజెక్టుల దగ్గర మట్టి పని చేసిన పాలమూరు లేబర్‌కు లయ అంటే రిలాక్సేషన్ కాదు. పది మంది ఒకేసారి గుంజకపోతే బండ కదలదు, అంతే.

అదే డప్పును ఒకప్పుడు కులం పేరుతో వెట్టిగా కొట్టించుకున్నారు. కొట్టేవాళ్లకు గౌరవం ఇవ్వలేదు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాంలకు అదే డప్పు ముందు నిలిచింది. వేలమందిని ఒక్క అడుగు మీద నడిపించింది ఏ హెర్ట్జో కాదు, కలిసి కొట్టిన దరువు, కలిసి వేసిన అడుగు.

పరీక్షల ముందు

కాబట్టి మిత్రులారా, మీకు నచ్చితే ఆ ఆడియోలు వినండి. పక్క రూమ్ గోలను అడ్డుకుంటాయి, కూర్చోవడానికి ఒక అలవాటు అవుతాయి, అది కూడా లాభమే. కానీ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, డెల్టా ఆడియో నిద్రకు బదులు కాదు. రాత్రంతా మేలుకొని పొద్దున అది పెట్టుకుంటే పోయిన నిద్ర తిరిగి రాదు. రెండు, వాల్యూమ్ తగ్గించండి. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే భద్రమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడు, నిద్ర పట్టకపోవడం, భయం వారాల తరబడి ఉంటే యాప్ దగ్గర ఆగిపోకుండా డాక్టర్‌తో, ఇంట్లోవాళ్లతో మాట్లాడండి.

ఇంకొక్క మాట. ఈసారి ఊర్ల డప్పు మోగితే ఫోన్‌లో రీల్ తీసి వచ్చేయకండి. కాసేపు నిలబడి కొట్టే పెద్దాయన చేతులు చూడండి, ఆయన ఎవర్ని చూసి దరువు మారుస్తున్నాడో చూడండి. వీలైతే అడగండి, చెప్తాడు. మెదడు మీద లయ ఎట్లా పనిచేస్తదో ఆయన ఏ ఈఈజీ లేకుండానే గమనిస్తూ వచ్చిండు.