బ్రహ్మాండములు - జీవాన్వేషణము

శ్రీమన్నారాయణుని భక్తులు ‘అఖిలాండకోటి బ్రహ్మాండనాయకుడు’ అని కీర్తింతురు. నిత్యము పలుకు ఈ నామములో ఒక ప్రశ్న ఇమిడియున్నది. ఇన్ని అండములలో భూమి ఒక్కటియే ప్రాణులకు నెలవా? వేరొకచోట జీవము కలదా?

విశిష్టాద్వైత సంప్రదాయమున ప్రమాణములు మూడు: ప్రత్యక్షము, అనుమానము, శబ్దము. పురాణములు లోకములను గూర్చియు, అందలి వాసులను గూర్చియు చెప్పుట శబ్దప్రమాణము. గ్రహములను పరిశోధించు విజ్ఞానశాస్త్రము మొదటి రెండు ప్రమాణములతోనే నడచును. వానిని అది ఎంత జాగరూకతతో వాడునో భక్తులు తెలిసికొనదగినది.

ముందుగా వెదుకవలసినది ఏమి? దీనికి సమాధానము దూరమున లేదు. సత్తెనపల్లి మొదలు మాచర్ల వరకు ఇండ్ల ముంగిళ్లలో పరచిన నాపరాళ్లను చూడుడు. పల్నాటి సున్నపురాయి, భూమిపై చేపలును చెట్లును పుట్టక పూర్వము సముద్రగర్భమున పొరలుపొరలుగా పేరుకొన్నది. దానికంటెను ప్రాచీనములైన కడప ప్రాంతపు వేంపల్లె శిలలలో సూక్ష్మజీవులు కట్టిన పొరలు నేటికిని కానవచ్చును. వాని వయస్సు 180 కోట్ల సంవత్సరములకు పైమాటయే. భూమి చరిత్రలో అధికభాగము ప్రాణులన్న సూక్ష్మజీవులే. కావున అన్యగ్రహములందును మొదట వెదుకవలసినది నీటిజాడలను, సూక్ష్మజీవుల గురుతులను. 2021 ఫిబ్రవరి 18న అంగారకునిపై దిగిన పర్సెవరెన్స్ యంత్రమును ఒకప్పుడు సరస్సుగా నుండిన జెజెరో బిలమునకు పంపుటకు కారణమిదియే.

గ్రహములవరకు పోకయే, ఆకాశమునుండి జీవము భూమిపైకి దిగుచున్నదేమో చూడవలెనని తలచినవారును కలరు. ఇస్రో ఆధ్వర్యమున, ఖగోళశాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ ప్రధాన పరిశోధకుడుగా, 2001లోను 2005లోను హైదరాబాదునుండి గొప్ప బెలూనులను పైకి పంపిరి. 2005 ఏప్రిల్ 20న ఎగసిన బెలూను ఘనపరిమాణము 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగులు. అది మోసిన పరికరముల బరువు 459 కిలోలు. సూక్ష్మజీవులు లేకుండ శుద్ధిచేసి, లోపలి గాలిని తీసివేసిన ఉక్కుగొట్టములను ద్రవరూపమగు నియాన్‌లో ముంచియుంచిరి. ఆ అతిశైత్యమువలన చుట్టుపట్ల గాలి వానిలోనికి లాగబడెను. 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తువరకు గాలిని సేకరించి, పారాచూటుతో క్రిందికి దింపిరి.

ఒక ప్రయోగశాల మాటనే నమ్మక, హైదరాబాదులోని సి.సి.ఎం.బి., పూణేలోని ఎన్.సి.సి.ఎస్. అను రెండు సంస్థలు వేర్వేరుగా పరీక్షించినవి. 12 బాక్టీరియా సమూహములు, 6 శిలీంధ్ర సమూహములు పెరిగినవి. వానిలో మూడు బాక్టీరియా జాతులు అంతకుముందు ఎరుగనివి. వానికి జానిబాక్టర్ హోయ్లీ, బాసిల్లస్ ఐస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట అని పేరులిడిరి. సమీపజాతులకంటె ఇవి అతినీలలోహిత కిరణములను ఎక్కువగా తట్టుకొనగలవు.

ఇంతవరకు ప్రత్యక్షము. ఇక అనుమానము: ‘అంత ఎత్తున దొరకినవి గనుక ఇవి భూమికి వెలుపలనుండి వచ్చినవి’ అనవచ్చునా? కొండపై మంచుతెరను పొగయని భ్రమించి నిప్పును ఊహించువాడు మోసపోవును. ఈ జీవుల దగ్గరి బంధువులు భూమిపైననే ఉన్నవి. భూమిమీది ధూళియు పైకి పోగలదు. 2022 జనవరిలో టోంగా అగ్నిపర్వతము ప్రేలినపుడు ఆ మేఘము 50 కిలోమీటర్లకు మించి లేచినది. వేరొక కారణము సాధ్యమైనంతకాలము అనుమానము సిద్ధింపదు. కావుననే 2009 మార్చిలో ఈ ఫలితములను ప్రకటించుచు, ఇవి భూమికి వెలుపల పుట్టినవని ఈ పరిశోధన నిర్ధారింపజాలదనియు, అన్వేషణము కొనసాగించుటకు మాత్రము ప్రోత్సాహమిచ్చుచున్నదనియు ఇస్రో స్పష్టముగా తెలిపెను. 2025లో అంగారక శిలపై జీవచిహ్నములు కాదగిన మచ్చలను గూర్చి ప్రకటించినవారును ‘కావచ్చును’ అనియే పలికిరి.

ఏండ్లతరబడి శ్రమించినవానికి, కోరిన ఫలము చేతికందినట్లు తోచినపుడు ‘ఇంకను తేలలేదు’ అనుట సులభము కాదు. వైష్ణవులు నైచ్యానుసంధానమని చెప్పుకొను వినయమునకు ఇది దూరమైనది కాదు. ఇంటిలో పిల్లలు ‘చుక్కలలో ఎవరైన ఉన్నారా?’ అని అడిగినపుడు, అన్నియు మన గ్రంథములలోనే తేలిపోయినవని గాని, దైవమును నమ్మువారికి అట్టి ప్రశ్నలు తగవని గాని పెద్దలు అనరాదు. ‘ఇంకను తెలియదు, వెదకుచున్నారు’ అనుటయే సత్యము. కంటికి కానరాని సూక్ష్మజీవిలోను అంతర్యామియై యున్నవాడు శ్రీహరియే యని నమ్మినవారికి, ఆ అన్వేషణము ఏ తీరము చేరినను భయములేదు.