వరుస ఓటములు - రేటింగు లెక్కలు

పేకాటలో ఓడినవాడు ముక్కలు పడలేదని చెప్పుకోవచ్చు. పాచికలాటలో ఓడినవాడు పాచికల్ని తిట్టుకోవచ్చు. చదరంగంలో ఆ వెసులుబాటు లేదు. ఇద్దరికీ పదహారేసి బలాలు, దాపరికం లేని బల్ల. కనుకనే ఈ ఆటలో ఓటమి మనసుకు గట్టిగా తగులుతుంది. తన బుర్రే ఓడిపోయినట్టు ఆటగాడు బాధపడతాడు.

నాదర్‌గుల్ నుంచి ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు రోజూ బస్సులో వచ్చిపోయే విద్యార్థుల్లో నేనూ ఒకణ్ణి. సీటు దొరక్కపోయినా ఒంటిచేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో సెల్‌ఫోనులో మూడు నిమిషాల చదరంగం ఆడేవాళ్ళు నాకు తరచు కనబడుతుంటారు. వాళ్ళలో ఒకడు మా మిత్రుడు. రెండు వారాల్లో వాడి రేటింగు 1600 నుంచి 1400కు పడిపోయింది. "దిమాక్ పనిచేస్తలేదురా. ఇగ పరీక్షలేం రాస్త?" అన్నాడొకరోజు. ఫీజు కట్టే గడువు దగ్గర పడుతున్నా కట్టలేదు. ఆటలో తగ్గిన అంకెను చూసి చదువులో కూడా తాను పనికిరాననుకోవడం సబబేనా? ఈ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

రేటింగు అంటే ఏమిటి?

హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు ఆర్పాద్ ఎలో ఈ పద్ధతిని రూపొందించాడు. ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో దీన్ని స్వీకరించింది. ఇద్దరి రేటింగుల మధ్య తేడాను బట్టి ఎవరికి ఎంత ఫలితం రావచ్చో ఇది అంచనా కడుతుంది. 100 పాయింట్లు ఎక్కువున్నవాడికి నూరు ఆటల్లో సుమారు 64 పాయింట్లు, 200 ఎక్కువున్నవాడికి 76 పాయింట్లు రావాలి. అంటే 200 ఎక్కువున్న మొనగాడు కూడా నూటికి 24 పాయింట్లు పోగొట్టుకుంటాడని ఈ సూత్రమే ఒప్పుకుంటోంది.

ఇంటర్నెట్‌లో ఆడే లీచెస్ వంటి చోట్ల గ్లిక్మన్ అనే గణాంక శాస్త్రజ్ఞుడి గ్లికో పద్ధతి నడుస్తోంది. ఇందులో రేటింగుతోపాటు ఆ రేటింగును ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే మరో అంకె కూడా ఉంటుంది. లెక్క కట్టినవాళ్ళే తమ అంకెను పూర్తిగా నమ్మలేదన్నమాట! మనం మాత్రం దాన్ని నుదుటిరాత అనుకుంటున్నాం.

వరుసకు కూడా లెక్క ఉంది

సమ ఉజ్జీలిద్దరు ఆడుతున్నారనీ, డ్రాలు లేవనీ అనుకుందాం. ఎంచుకున్న అయిదు ఆటలూ వరుసగా ఓడే అవకాశం 32లో ఒక వంతే. ఐతే నూరు ఆటలు ఆడితే, వాటిలో ఎక్కడో ఒకచోట అయిదు ఓటముల వరుస వచ్చే అవకాశం నూటికి 81 పాళ్ళు! ఆరు ఓటముల వరుసకు కూడా సుమారు 55 పాళ్ళుంది. రోజుకు పది ఆటలాడేవాడికి నూరు ఆటలు పదిరోజుల పని. అంటే ఏ తప్పూ లేకుండానే నెలలో రెండు మూడుసార్లు ఈ దెబ్బ తగలవచ్చు.

మరో సంగతి. అయిదు ఓటముల్లో 40 పాయింట్లు పోయాయనుకోండి. అక్కణ్ణుంచి ఎదురయ్యేవాళ్ళు కొంచెం తక్కువ స్థాయివాళ్ళు. మన ఆట నిజంగా తగ్గకపోతే వాళ్ళమీద నూటికి 56 వరకు రావాలి. పోయింది మెల్లగా తిరిగి వస్తుంది. నూరు ఆటలు నిదానంగా ఆడినా తిరిగి రాకపోతేనే ఆట తగ్గిందేమోనని అనుమానించాలి.

మరి మా మిత్రుడికి 200 ఎందుకు పోయాయి? వాడి ఆటల జాబితా ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. మొదటి కొన్ని ఓటములు మామూలువే. తర్వాతవి చాలామటుకు అర్ధరాత్రి దాటాక, ఒకదాని వెంట ఒకటి, నిమిషం వ్యవధి కూడా లేకుండా ఆడినవి. పోయింది రాబట్టాలన్న ఆత్రంలో గుర్రాన్ని, శకటాన్ని ఊరికే అప్పగించినవి. సభాపర్వంలో ధర్మరాజు చేసింది ఇదే కదా! ఒక పందెం పోగానే ఇంకొకటి ఒడ్డాడు. మొదటి ఓటమి దురదృష్టం కావచ్చు. తక్కినవి ఆ ఓటమి చేయించిన పనులు.

మనవాళ్ళ అనుభవం

వరంగల్ వాసి ఇరిగేశి అర్జున్ 2023 జనవరిలో నెదర్లాండ్స్‌లోని విక్-ఆన్-జీ పోటీలో 13 ఆటలకు 4 పాయింట్లతో చివరి స్థానంలో నిలిచాడు. 2024 డిసెంబరు జాబితాలో అతని రేటింగు 2801. ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడతడే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ రాపిడ్ పోటీలో మొదటి ఆటే ఓడింది. 11 ఆటలకు 8.5 పాయింట్లు తెచ్చుకుని విజేత అయింది. చెన్నై అమ్మాయి వైశాలి అదే ఏడు టొరంటో కాండిడేట్స్ పోటీలో వరుసగా నాలుగు ఓడి, చివరి అయిదూ వరుసగా గెలిచింది.

అందరికీ పాత ఎత్తు తిరిగి రాదన్నదీ నిజమే. గుంటూరువాడైన పెంటేల హరికృష్ణ 2016 డిసెంబరులో 2770కి చేరాడు. ఆ అంకె తర్వాత నిలవలేదు. కానీ 2022లో ప్రాగ్ మాస్టర్స్ గెలిచాడు. 2024లో గుకేశ్ ప్రపంచ విజేత అయినప్పుడు అతని సహాయక బృందంలో ఉన్నాడు. రేటింగు దిగినంత మాత్రాన విద్య ఎక్కడికీ పోదు.

ఏం చెయ్యాలి?

"పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలి" అంటారు పెద్దలు. జూదరి ఈ మాటకు 'ఇంకో ఆట ఆడు' అని అర్థం చెప్పుకుంటాడు. ఓడిన ఆటలోనే వెతకమని నా మనవి.

ఒకటి: వరుసగా రెండు ఓడితే ఆ పూటకు ఫోను పక్కన పెట్టాలి. రెండు: ఓడిన ఆటను ముందు సొంత బుర్రతో పరిశీలించి, తర్వాతే స్టాక్‌ఫిష్‌ను అడగాలి. మూడు: ఓటమికి కారణం ఒక్క ముక్కలో నోటుబుక్కులో రాయాలి - టైము చాలలేదు, బలం ఊరికే పోయింది, ప్రారంభ ఎత్తులు తెలియవు, నిద్రమత్తు. ఇరవై ఆటలయ్యేసరికి ఏది మళ్ళీ మళ్ళీ వస్తోందో తెలుస్తుంది. నాలుగు: కొన్నాళ్ళు మూడు నిమిషాల ఆట మాని, పదిహేను నిమిషాల ఆట ఆడాలి. ఆలోచించడానికి వ్యవధి ఉన్నప్పుడే మన అసలు బలం బయటపడుతుంది.

మా మిత్రుడి నోటుబుక్కులో ఎక్కువసార్లు కనబడిన మాట 'నిద్ర'. రేటింగు ఇంకా 1600కు రాలేదు, 1480 దగ్గర ఆడుతున్నాడు. ఫీజు మాత్రం గడువులోపలే కట్టాడు. పరీక్షలన్నీ రాశాడు.