మీ టీమ్ మీకు నిజం చెబుతోందా?

మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల పాలీహౌస్‌లలో గులాబీలు పెంచే రైతులకు బూడిద తెగులంటే హడల్. లేత ఆకుల మీద తెల్లటి పొడి చల్లినట్టు మొదలవుతుంది. మొదట్లోనే పట్టుకుని మందు కొడితే సరే. ఆలస్యమైతే పక్క వరసలకు పాకేస్తుంది.

దాన్ని అందరికన్నా ముందు చూసేదెవరు? పొద్దున్నే పూలు కోయడానికి వచ్చే అక్క. ఆమె ఆ సంగతి మీకు వెంటనే చెబుతుందా? అది మీ నోటిని బట్టి ఉంటుంది! నిన్న ఏదో పొరపాటుకు ‘నీకు కళ్లు కనపడవా?’ అని నలుగురిలో అరిచారనుకోండి. ఇవాళ ఆ ఆకును చూసీ చూడనట్టు పోతుంది. మీకు తెలిసేసరికి గుడిమల్కాపూర్ మార్కెట్లో మీ పూలకు రేటు పడిపోయి ఉంటుంది.

మీరు నడిపేది తోట కావచ్చు, కాలేజీ ఆఫీసు కావచ్చు, ఫంక్షన్ హాల్ కావచ్చు. చెడు కబురు మీ దాకా ఎంత త్వరగా వస్తోంది? లీడర్‌గా మీ అసలు మార్కులు అవే. దయ, గౌరవం అంటే మెతకదనం అనుకునేవాళ్లు చాలామంది. నేనైతే వాటిని స్కిల్స్ అంటాను. స్కిల్ కాబట్టి ఎవరైనా నేర్చుకోవచ్చు. మీరూ నేర్చుకుంటారు.

రేపటి నుంచే మొదలుపెట్టండి:

1. పిలుపు మార్చండి. ‘ఏయ్’, ‘ఓయ్’ బంద్. పేరు తెలుసుకోండి. పెద్దవాళ్లయితే అన్నా, అక్కా అనండి. సెక్యూరిటీ గార్డుకూ, స్వీపర్‌కూ ఇదే రూల్. జీతం తక్కువైతే మర్యాద తగ్గాలని ఎక్కడా లేదు.

2. తప్పుంటే పక్కకు పిలిచి చెప్పండి. మెచ్చుకోవాలంటే అందరి ముందూ మెచ్చుకోండి. చాలామంది బాస్‌లు సరిగ్గా రివర్స్‌లో చేస్తారు.

3. చెడు కబురు తెచ్చినవాళ్లతో మొదటి మాట ‘చెప్పి మంచిపని చేశారు’ కావాలి. రెండో మాట ‘ఇప్పుడేం చేద్దాం?’ ఎవరి వల్ల జరిగిందన్న ఎంక్వైరీ సాయంత్రానికి పెట్టుకోండి.

ఈ మూడోదే కష్టం. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్లను చూడండి. 2014లో మైక్రోసాఫ్ట్ సీఈవో అయిన కొత్తలోనే సీనియర్ లీడర్ల చేత మార్షల్ రోజెన్‌బర్గ్ పుస్తకం చదివించారు. ఎదుటివారిని గాయపరచకుండా మాట్లాడటమే దాని సబ్జెక్ట్. 2016 మార్చిలో ఆ కంపెనీ వదిలిన ‘టే’ అనే చాట్‌బాట్ ట్విట్టర్‌లో జాత్యహంకారపు కూతలు కూసింది. ఒక్క రోజులోనే దాన్ని ఆపేయాల్సి వచ్చింది. పరువు పోయిన ఆ టీమ్‌కు నాదెళ్ల ఈమెయిల్ పెట్టారు. మీ వెంట నేనున్నాను, నేర్చుకుంటూ ముందుకెళ్లండి అన్నది దాని సారాంశం. అంత పెద్ద కంపెనీలో కుదిరింది, పదిమంది ఉన్న మీ ఆఫీసులో కుదరదా?

ఇంకోటి. గౌరవం కళ్లకు కనిపించాలి. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడి మీకు తెలిసిందే, వీసా బాలాజీ. అక్కడి అర్చకులు సి.ఎస్. రంగరాజన్ 2018 ఏప్రిల్‌లో జియాగూడ రంగనాథస్వామి ఆలయంలోకి ఒక దళిత భక్తుణ్ని తన భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లారు. సమానత్వం మీద ఉపన్యాసం ఇచ్చి కూడా ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. మీరు ఎవరినీ మోయక్కర్లేదు. మీటింగ్‌లో జూనియర్‌కు కుర్చీ చూపించండి, అతను చెప్పేది పూర్తయ్యేదాకా ఫోన్ ముట్టుకోకండి. చాలు.

అయితే దయ పేరుతో పని వదిలేయకండి. గట్టిగానే అడగండి. మనిషిని వదిలేసి పని గురించి అడగండి. ఫంక్షన్ హాల్లో వంట మేస్త్రీతో ఇలా: ‘అన్నా, భోజనాలు ఒంటిగంటకు పెట్టాలి, రెండయింది. గెస్టులు ఎండలో నిలబడ్డారు. ఎక్కడ ఆగింది?’ ఇందులో తిట్టు లేదు, రాజీ కూడా లేదు. అడిగాక నోరు మూసుకుని వినండి. బహుశా ఇలాంటి జవాబు వస్తుంది: ‘గ్యాస్ అయిపోయింది సార్. ఇంకో సిలిండర్ కావాలని పోయిన వారమే చెప్పినం.’

ముందు ఆయనకు సారీ చెప్పండి. తర్వాత సిలిండర్ తెప్పించండి.